మోకాళ్ళ పిన్ని

మా బడి వరండా గోడ మీద బ్యాండు ఫోటోలు పదహారు ఉన్నాయి. ఏడాదికొకటి. ఎర్ర కోట్లు, తెల్ల బెల్టులు, తలకన్నా పెద్ద టోపీలు, ఎండకి చికిలించిన కళ్ళు. వాటిలో పన్నెండు ఫోటోలు తీసినప్పుడు మా అమ్మ అక్కడే ఉంది. కానీ ఒక్కదానిలోనూ కనిపించదు. ఒక ఫోటోలో మాత్రం ఎడమ అంచున బకెట్టు పిడి, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు పడ్డాయి. ఆ వేళ్ళు అమ్మవి. ఫోటో తీసినవాడు గమనించి ఉంటే అవి కూడా కత్తిరించేసేవాడే.

అమ్మ ఆ ఆడపిల్లల బడిలో ఆయా. బ్యాండు గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. బాకాల నోళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో కడగడం, ఊడిన గుండీలు కుట్టడం, చిన్న తలలకి టోపీలు ఆగేలా లోపల పాత కాగితం ఉండలు కుక్కడం, ఇవన్నీ ఆమె పనులే. ఆ పనులు ఎవరైనా చేస్తారు. ఆమెకి పేరు తెచ్చింది వేరే పని. ఎండలో కదలకుండా నిలబడ్డ పిల్లల్లో ఎవరు పడిపోబోతున్నారో ఆమె ముందే పట్టేసేది.

కవాతులో నిలబడే పిల్లలు తమకి తెలియకుండానే మోకాళ్ళు బిగబట్టేస్తారు. బిగిసిన మోకాళ్ళ మీద ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది, తల తేలిపోతుంది, మనిషి నిలువునా ముందుకి పడిపోతుంది. చేతులు అడ్డం పెట్టుకునే తెలివి కూడా ఉండదు. చేతిలో ఇత్తడి ఉంటే ఇత్తడి మీదే పడుతుంది. అమ్మ బడిలో చేరిన మొదటి నెలలో ఒక అమ్మాయి అలా పడింది. నిండు బిందె గచ్చు మీద పడ్డ చప్పుడైందని అమ్మ చెప్పేది. ఆ తర్వాత పదేళ్ళు ఆ చప్పుడు మళ్ళీ వినిపించకుండా ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. వరసల పక్కన బకెట్టు పట్టుకుని తిరుగుతూ "మోకాళ్ళు, మోకాళ్ళు" అని గొణుగుతూ ఉండేది. అందుకని పిల్లలందరికీ ఆమె మోకాళ్ళ పిన్ని అయిపోయింది. నాకు మాత్రం అమ్మ.

ఆమెకొక పద్ధతి ఉండేది. కవాతు రోజున వరస కట్టకముందు ఒక్కొక్క పిల్ల దగ్గరికీ వెళ్ళి ఒకే ప్రశ్న అడిగేది. "ఏం తిన్నావ్?" జవాబు చెబుతుండగా కింది రెప్ప లాగి చూసేది. నోరు అబద్ధమాడినా రెప్ప ఆడదని ఆమె నమ్మకం. అనుమానం తగిలితే ఆ పిల్లని వెనక్కి తిప్పి, కాలెత్తమని, బూటు మడమ మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టేది. వరసకి పక్కగా, కాస్త వెనకగా నిలబడే ఆమెకి ఆ తెల్ల చుక్కలు దూరం నుంచే కనిపించేవి. యాభైరెండు మందిలో ఏ నలుగురైదుగురి మీద కన్నేసి ఉంచాలో అవే చెప్పేవి. చుక్క పెట్టించుకోవడం మాకు నామోషీ. పెట్టించుకున్నదాన్ని రోజంతా "చుక్కమ్మ" అని ఏడిపించేవాళ్ళం.

"బూటు లోపల వేళ్ళు దాగుడుమూతలు ఆడాలి" అనేది అమ్మ. "పైకి రాతిబొమ్మల్లా ఉండండి. లోపల ఎంత అల్లరి చేసినా మాస్టారికి కనపడదు."

బ్యాండు మాస్టారు వాయిద్యాలతో మెత్తగా, మాతో గట్టిగా మాట్లాడే మనిషి. పగిలిన డ్రమ్ము తోలుని చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. మా కాళ్ళకి బొబ్బలు వస్తే మాత్రం "నడిస్తే అవే పోతాయి" అనేవాడు. అలాంటి మనిషి చేత కూడా అమ్మ ఒక నియమం పెట్టించింది. ఒక్కసారి కళ్ళు తిరిగి పడ్డ పిల్ల మళ్ళీ వరసలో నిలబడకూడదు. మంచి బాకా పిల్లలు పోతారని మాస్టారు వారం రోజులు వాదించాడట. అమ్మ తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి, "అయితే ఇంకొకరిని చూసుకోండి సార్" అందట. నియమం నిలిచింది. అది తిరిగి మా ఇంటి గుమ్మం తొక్కుతుందని అప్పుడు ఆమెకి తెలియదు.

ఎనిమిదో తరగతిలో నాకు పెద్ద డ్రమ్ము దక్కింది. అది దక్కడమంటే ఏమిటో వాయించనివాళ్ళకి చెప్పడం కష్టం. పెద్ద డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడే అందరి ఎడమకాలూ పడుతుంది. నేను ఆలస్యం చేస్తే బ్యాండంతా ఆలస్యం. పాట ఆపాలన్నా నేనే. వెంటవెంటనే రెండు దెబ్బలు కొడితే వాయిద్యాలు దిగిపోవాలి, కాళ్ళు సడలాలి. రోజూ రెండు గంటల సాధనలో అందరూ ఆ రెండు దెబ్బల కోసమే చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళు. ఇంట్లో తలుపు ఎవరైనా రెండుసార్లు కొట్టినా మోకాళ్ళు వాటంతట అవే వదులయ్యేవని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. బడిలో యాభైరెండు జతల కాళ్ళు నా మాట వినేవి.

డ్రమ్ము వచ్చిన నెలకే నాకు కళ్ళు తిరగడం మొదలైంది.

మొదటిసారి నీళ్ళ కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉండగా. గోడ పట్టుకున్నాను, ఎవరికీ తెలియలేదు. రెండోసారి స్నానాల గదిలో. మూడోసారి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ పడ్డాను. కళ్ళు తెరిచేసరికి అమ్మ ముఖం నా ముఖం మీదికి వంగి ఉంది. ఆ ముఖంలో రక్తం లేదు.

"ఎన్నోసారి?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే నా కింది రెప్ప లాగి పట్టుకుంది.

"మూడు."

అమ్మకి ఒక అక్క ఉండేది. పదిహేనేళ్ళప్పుడు బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ అక్క మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ రోజు కూడా అమ్మ ఎత్తలేదు. నా చేతిలోంచి పడ్డ గిన్నె తీసి, అది శుభ్రంగానే ఉన్నా మళ్ళీ కడిగింది, మళ్ళీ తుడిచింది, మళ్ళీ కడిగింది.

"మాస్టారికి చెప్పకమ్మా. నా మీద ఒట్టు" అన్నాను.

"ఒట్లూ గిట్లూ పెట్టకు."

"పెట్టేశాను."

డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆమె ప్రతి ఆదివారం అనేది. సోమవారం ఏదో పని తగిలేది. నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆయనకీ చెప్పలేదు. అమ్మది బద్ధకం కాదని నాకు ఇప్పుడు తెలుసు. డాక్టరు నోటి నుంచి పేరు రానంతవరకూ అది జబ్బు కాదు. పేరు వచ్చిందంటే అక్క చావుకీ పేరు వచ్చినట్టే, నాకూ అదే వచ్చినట్టే. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మా ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టాం.

ఎనిమిది నెలలు అలా బతికాం. స్నానానికి వెళ్తే గడియ పెట్టనిచ్చేది కాదు. లోపల గట్టిగా ఎక్కాలు చెప్పమనేది. పదమూడో ఎక్కం నాకు సరిగా రాదు. అక్కడ ఆగినప్పుడల్లా తలుపు తోసుకుని వచ్చేసేది. "బతికే ఉన్నానమ్మా, పదమూడు ఏడులు రావట్లేదు" అని సబ్బు కళ్ళతో అరిచేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్ళం. నవ్వు అయిపోయాక ఆమె తలుపు బయట నేల మీద కూర్చున్న చప్పుడు వినిపించేది. అప్పుడు నాకు భయం వేసేది. నేను చచ్చిపోతానని కాదు. ఆమె ఇలా ఎంతకాలం కూర్చుంటుందని.

పిల్లలందరి మడమల మీదా చుక్కలు పెట్టే మనిషి నా మడమ మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. పెడితే మాస్టారు ఎందుకని అడుగుతాడు. దానికి బదులు మేమిద్దరం ఒక గుర్తు అనుకున్నాం. కళ్ళ ముందు చీకటి వస్తున్నట్టు అనిపించగానే నేను కుడిచేతి పుల్ల డ్రమ్ము మీద వాల్చాలి. అది చూడగానే అమ్మ వచ్చేసి, "బెల్టు తెగింది సార్" అని నన్ను పక్కకి లాగేస్తుంది. ఆ అబద్ధాన్ని వంటింట్లో సాధన కూడా చేశాం. డ్రమ్ము బదులు చపాతీ పీట, పుల్ల బదులు గరిటె. "బెల్టు తెగింది సార్" అని అమ్మ చెప్పిన తీరుకి నాకు నవ్వాగేది కాదు. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు. వాక్యం చివర గొంతు పైకి లేచిపోయేది.

ఆ ఏడాది బడుల బ్యాండ్ల పోటీకి పదకొండు బడులు వచ్చాయి. పెద్ద మైదానం, ఎక్కడా నీడ లేదు. ఒక్కొక్క బ్యాండు చుట్టూ సున్నంతో గీత గీశారు. పెద్దవాళ్ళెవరూ ఆ గీత దాటకూడదు, దాటితే ఆ బడిని పోటీ నుంచి తీసేస్తారు. బకెట్లు పట్టుకున్నవాళ్ళంతా గీత అవతలే.

మా వరసలో నాకు సరిగ్గా ముందు నిలబడే పిల్లని అందరం పిచ్చుక అనేవాళ్ళం. ఆరో తరగతి. బ్యాండులో అందరికన్నా చిన్నది. టోపీలో సగం తల, సగం కాగితం ఉండలే. బాకా మాత్రం ఆ పిల్ల వాయిస్తే మాస్టారు అంతటివాడు తిట్టడం మరిచిపోయి వినేవాడు. అమ్మానాన్నా లేరు, కుట్టుపని చేసే అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మా అమ్మని వదిలేది కాదు. భోజనాల వేళ బ్యాండు గదిలో దూరి, అమ్మ బాకాలు కడుగుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

ఆ పొద్దున్న అమ్మ ఆ పిల్ల దగ్గర ఆగింది.

"ఏం తిన్నావ్?"

"రొట్టె."

"ఎంత?"

"అరముక్క. మింగుడు పడలేదు పిన్నీ."

అమ్మ రెప్ప లాగి చూసింది. కాలెత్తమంది. మామూలు కన్నా పెద్ద చుక్క పెట్టింది.

"పిన్నీ, నాకు భయమేస్తోంది."

"దేనికే? నేను చూస్తూ ఉంటాగా" అంది అమ్మ.

తర్వాత నా దగ్గరికి వచ్చి బెల్టు బిగిస్తున్నట్టు వంగింది. "పుల్ల గుర్తుందిగా?" అంది గుసగుసగా. గుర్తుందన్నాను. బెల్టు కింద నా భుజానికి తగిలిన ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

రావలసిన ముఖ్య అతిథి గంట ఆలస్యం చేశాడు. కారు కనిపించిందని ఎవరో అనగానే పదకొండు బడులకీ ఒకేసారి అటెన్షన్ చెప్పారు. తీరా చూస్తే అది ఆయన కారు కాదు. అయినా స్టాండ్ ఎట్ ఈజ్ చెప్పడం ఎవరికీ తట్టలేదు. ఆరు వందల మంది పిల్లలం ఎండలో అలాగే బిగుసుకుని నిలబడిపోయాం. అంత పెద్ద మైదానంలో జెండా తాడు కర్రకి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నేను వేళ్ళు ఆడిస్తున్నాను. మోకాళ్ళు వదులుగా ఉంచుతున్నాను. చీకటి వస్తుందేమో, వస్తుందేమో అని లోపలికే చూసుకుంటున్నాను. రాలేదు. విచిత్రం ఏమిటంటే ఆ రోజు నేను పూర్తిగా బాగున్నాను. అలా నిబ్బరంగా ఉండబట్టే నా ముందున్న తెల్ల చుక్క నాకు కనిపించింది.

చుక్క వణుకుతోంది.

వణుకు పరవాలేదని అమ్మ చెప్పేది. వణుకుతున్నంతసేపూ పిల్ల పోరాడుతున్నట్టు లెక్క. వణుకు ఆగినప్పుడే పరిగెత్తాలి. నేను చూస్తుండగా చుక్క వణకడం ఆగిపోయింది. పిచ్చుక మోకాళ్ళు వెనక్కి విల్లులా బిగుసుకుపోయాయి. మెడ వెనక చెమట ధారగా కారుతోంది.

కళ్ళు మాత్రం తిప్పి అమ్మ వైపు చూశాను. అమ్మ నన్నే చూస్తోంది. నా చేతుల్నే, నా పుల్లల్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. నేను కళ్ళతో ముందుకి చూపించాను. ఆమెకి అర్థం కాలేదు. నేను బెదిరిపోతున్నాననుకుందేమో, బకెట్టు కింద పెట్టి గీత అంచుకి వచ్చి నిలబడింది. మళ్ళీ చూపించాను. ఆమె చూపు నా చేతుల మీద నుంచి జరగలేదు.

అరవడానికి నోరు పెగల్లేదు. అటెన్షన్‌లో అరవకూడదని మాకు ఎంత నూరిపోశారంటే, ఇల్లు తగలబడుతున్నా అరిచేవాళ్ళం కాదేమో. పుల్ల వాలుద్దామంటే అమ్మ నా దగ్గరికే వస్తుంది. మిగిలింది డ్రమ్ము. రెండు దెబ్బలు కొడితే అందరి మోకాళ్ళూ సడలుతాయి, పిచ్చుకవి కూడా. కానీ పదకొండు బడుల ముందు, ఆ నిశ్శబ్దంలో, ఎవరూ చెప్పకుండా పెద్ద డ్రమ్ము మోగించడమా? మాస్టారు ఏమంటాడు? డ్రమ్ము తీసేసుకుంటే? నేను నాలుగు ఊపిర్లు ఆలోచించాను. ఆ నాలుగు ఊపిర్లు ఇప్పటికీ నా లెక్కలోనే ఉన్నాయి, ఎవరూ కొట్టేయలేదు.

తర్వాత పుల్ల ఎత్తి రెండు దెబ్బలు కొట్టాను.

మా బ్యాండంతా ఒక్కసారి సడలింది. ఒక్క పిచ్చుక తప్ప. ఆ పిల్ల చెవులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. అమ్మకి మాత్రం నా పుల్ల కిందికి రావడం కనిపించింది, డ్రమ్ము చప్పుడు వినిపించింది. నేను డ్రమ్ము మీద పడిపోయాననుకుంది. గీత దాటింది. నేను నా జన్మలో ఆమె అంత వేగంగా పరిగెత్తడం చూడలేదు. ఆమె వచ్చే దారిలోనే పిచ్చుక ముందుకి వాలుతోంది. చెయ్యి చాపితే అందే దూరం. అమ్మ చెయ్యి చాపింది కూడా, కానీ నా వైపుకి.

ఆ పిల్లని దాటుకుని వచ్చి నన్నూ డ్రమ్మునీ కలిపి వాటేసుకుంది.

"దీనికి కళ్ళు తిరుగుతాయి సార్, మా పిల్లకి కళ్ళు తిరుగుతాయి" అని మైదానమంతా వినపడేలా అంది. బెల్టు తెగిందన్న మాట ఆమెకి గుర్తే లేదు.

"నాకు కాదమ్మా" అన్నాను ఆమె భుజంలోకి. "పిచ్చుకకి."

అప్పుడు ఆమె వెనక ఆ చప్పుడైంది. నిండు బిందె గచ్చు మీద పడ్డ చప్పుడు.

పిచ్చుకకి పైవరస పళ్ళు రెండు పోయాయి. పెదవి చీలి ఐదు కుట్లు పడ్డాయి. అమ్మ గీత దాటినందుకు మా బడిని పోటీ నుంచి తీసేశారు. మైదానం పక్క డేరాలో ఉన్న డాక్టరమ్మ ఆ పని ముగించి, చేతులు కడుక్కుని, నన్ను పిలిచింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చేతికి పట్టీ చుట్టి చూసింది. అమ్మ డేరా గుంజ పట్టుకుని నిలబడింది. గుంజ కదులుతోంది.

"ఎక్కువసేపు నిలబడితే కొంతమంది పిల్లలకి రక్తపోటు పడిపోతుంది" అంది డాక్టరమ్మ. "చీకట్లు వస్తే కూర్చుని తల వంచుకోమనండి. నీళ్ళు బాగా తాగాలి. ఎదిగాక చాలామందికి తగ్గిపోతుంది. భయపడాల్సిందేం లేదు."

"అంతేనా?" అంది అమ్మ.

"అంతే."

ఎనిమిది నెలల భయం రెండు నిమిషాల్లో తీరిపోయింది. అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పక్క మంచం మీద పిచ్చుక నోటి నిండా దూదితో మావైపే చూస్తోంది. అమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

మూడు రోజుల తర్వాత ఇద్దరం పిచ్చుక ఇంటికి వెళ్ళాం. ఆ వీధి మొదట్లో అమ్మ ఆగిపోయింది. వెనక్కి పోదామంటుందేమో అనుకున్నాను. చెప్పుల్లోంచి రాయి తీస్తున్నట్టు కాసేపు వంగి నిలబడి, మళ్ళీ నడిచింది.

ముందుగదిలో కుట్టు మిషను. అమ్మమ్మ దాని ముందు నుంచి లేవలేదు. మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"కాకిపిల్ల కాకికి ముద్దు" అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఎవర్నేమంటాం."

పిచ్చుక లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. పెదవి వాచి ముఖమే మారిపోయింది. మాట తేలికగా రావడం లేదు. అయినా అడిగింది.

"పిన్నీ, నేను పడిపోతుంటే చూశావా?"

అమ్మ లేదనొచ్చు. నా మీద ధ్యాసలో ఉండి ఏమీ కనపడలేదనొచ్చు. నేను కూడా అలాగే అనుకుంటున్నాను, అందరూ అలాగే అనుకుంటున్నారు. చూడలేదని చెప్పమ్మా అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

"చూశాను" అంది అమ్మ. "చూసే దాటాను."

అబద్ధం చెప్పేటప్పుడు పైకి లేచే గొంతు ఈసారి లేవలేదు. బయట మిషను ఆగింది. పిచ్చుక ముఖం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు అమ్మ బ్యాండు గది తాళంచెవి మాస్టారి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వేలితో ఆమె వైపు నెట్టాడు.

"ఈ పనికి భయం ఉన్న మనిషి కావాలి" అన్నాడు. "ఇప్పుడు నీకన్నా భయస్తురాలు నాకు దొరకదు. తీసుకో."

నియమం ప్రకారం నన్ను వరసలోంచి తీసేశారు. నేను కళ్ళు తిరిగి పడ్డదాన్నే కదా, వంటింట్లో అయితేనేం. నియమం ప్రకారం పిచ్చుకనీ తీసెయ్యాలి. మాస్టారు ఒప్పుకోలేదు. అరముక్క రొట్టెతో నిలబెట్టి ఎండలో గంట ఉంచితే పడ్డది పిల్ల తప్పు కాదు, మనది అన్నాడు. ఆయన నోటి నుంచి అలాంటి మాట వినడం అదే మొదలు. కొత్త పళ్ళు పెట్టించినా పెదవి మునుపటిలా పట్టు బిగించదు, బాకా ఇక పలకదు. అందుకని పిచ్చుకకి పెద్ద డ్రమ్ము ఇచ్చారు. నా డ్రమ్మే. బెల్టు ఆ పిల్లకి పెద్దదైపోతే అమ్మ కొత్త బెజ్జాలు పొడిచింది.

ఆ ఏడాదంతా పిచ్చుక అమ్మతో మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపేది. బ్యాండు గదిలోకి వచ్చేది, డ్రమ్ము తీసుకునేది, వెళ్ళిపోయేది. నేను అమ్మతో పాటు రెండో బకెట్టు మోసేదాన్ని. అమ్మ ఇంట్లో కూడా మాటల మధ్యలో ఆగిపోయి ఎటో చూసేది. ఎక్కడ ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది. ఒకసారి గిన్నె జారి పడితే నేలమీద కూర్చుండిపోయింది. అదివరకు నాకేదో అవుతుందని ఆమె భయపడేది. ఇప్పుడు తన మీద తనకే భయం. మళ్ళీ అలాంటి క్షణం వస్తే మళ్ళీ దాటేస్తానని ఆమెకి తెలుసు. తెలిసీ ప్రతి పొద్దున్నా సుద్దముక్క జేబులో వేసుకుని బయలుదేరేది.

మరుసటి ఏడు పోటీ అదే మైదానంలో. అదే ఎండ. వరస కట్టకముందు అమ్మ ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. పిచ్చుక ముందుకి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఏం తిన్నావమ్మా?"

"రెండు రొట్టెలు. అరటిపండు. పాలు."

అమ్మ రెప్ప లాగి చూసింది. ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. ముందుకి కదలబోయింది.

పిచ్చుక వెనక్కి తిరిగి మడమ ఎత్తింది.

"నీకెందుకమ్మా, బాగానే తిన్నావుగా" అంది అమ్మ.

"పెట్టు" అంది పిచ్చుక, అటు తిరిగే. "నువ్వు చూడాలి."

అమ్మ చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. వంగి, ఆ చిన్న ముక్కతోనే చుక్క పెట్టింది. గుండ్రంగా రాలేదు.

మళ్ళీ అటెన్షన్. మళ్ళీ జెండా తాడు చప్పుడు. అమ్మ గీత అంచున నిలబడి ఆ ఒక్క మడమనే చూస్తోంది. నేను ఆమెకి నాలుగడుగుల వెనక బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపైందో తెలియదు. మైదానం అంచుల నుంచి చీకటి రావడం మొదలైంది. చెవుల్లో హోరు. అది నాకు బాగా తెలిసిన చీకటే.

అమ్మా అంటే చాలు, తిరిగేది. నాకు భయం వేసింది. పేరు తెలిసినా, ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పినా, ఆ చీకటి వచ్చినప్పుడు భయం మాత్రం ఎప్పటిలాగే వేస్తుంది. నోటిదాకా వచ్చిన పిలుపుని పళ్ళతో బిగబట్టాను. బకెట్టు చప్పుడు కాకుండా కింద పెట్టాను. మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చుని తల వాటి మధ్యలో పెట్టుకున్నాను.

హోరులోంచి డ్రమ్ము వినిపించింది. ఎడమ, ఎడమ, ఎడమ. పిచ్చుక సరిగ్గా కొడుతోంది. కాసేపటికి తల ఎత్తి చూశాను. అమ్మ వీపు నావైపే ఉంది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.